నీళ్ల పిన్ని చేతులు

నీళ్ల పిన్ని వీధి మలుపు తిరిగిందంటే చాలు, పసిబిడ్డ ఉన్న ఇంట్లో పెద్దవాళ్లంతా గబగబా గోళ్లు చూసుకునేవాళ్లు. ఆవిడ పని పుట్టిన పిల్లలకి నీళ్లు పోయడం. గుమ్మంలో చెప్పులు విడిచి, బిడ్డ ఎక్కడుందని కూడా అడక్కుండా, ముందు ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టేది. "చేతులు చాపండి!" అనేది. తాతలు చాపాలి, మేనత్తలు చాపాలి, కారు దిగొచ్చిన ఆఫీసరు గారైనా చాపాల్సిందే. గోరు కింద నల్లటి గీత కనపడిందా, ఆ మనిషికి ఆ పూట బిడ్డని ముట్టుకునే భాగ్యం లేదు. ఒకింట్లో కన్నతండ్రినే వెనక్కి తోసేసింది. ఆయన మెకానిక్కు, పాపం. ఎంత తోమినా ఆయిలు మరక పోదు. వారం రోజులు కూతుర్ని కిటికీలోంచి చూసుకున్నాడు. ఆ తర్వాత పిన్నే జాలిపడి, పాత బ్రష్షు పెట్టి తనే ఆయన చేతులు తోమింది. అంత పెద్దమనిషీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ప్రేమతోనో మంటతోనో ఎవరూ అడగలేదు.

ముప్పై ఏళ్ల పని అది. పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డని బోర్లా వేసుకుని, మోచేత్తో నీళ్ల వేడి చూసి, చెవుల్లోకి చుక్క పోకుండా పోసేది. ఇప్పుడు ఆవిడ నీళ్లు పోసిన పిల్లల పిల్లలు కూడా ఆ కాళ్ల మీదికి వస్తున్నారు. అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఊరందరికీ పిన్నే.

ఇంట్లో మాత్రం ఇంకా ఘోరం. నిప్పులు కడిగే మనిషి. మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. దుకాణం నుంచి రాగానే అరుగు మీదే రెండుసార్లు చేతులు కడుక్కుంటే గానీ లోపలికి ప్రవేశం లేదు. ఆయన నెమ్మదస్తుడు. ముప్పై ఏళ్లలో ఎదురు చెప్పింది రెండుసార్లో మూడుసార్లో, అదీ బాత్రూములోంచి. కూతురు బస్సు కండక్టర్ని తనే చూసుకుని పెళ్లి చేసుకుంది. పిన్ని ఆర్నెల్లు మాట్లాడలేదు. తర్వాత మెత్తబడి, మేడ మీద గదిలో కాపురం పెట్టించింది. అల్లుడికి అత్తగారంటే హడల్. రోజంతా చిల్లర ముట్టుకునే చేతులాయె! ఇంటికి రాగానే సబ్బు చేత్తో పట్టుకునే తలుపు కొట్టేవాడు.

ఇదిగో, అలాంటి పిన్నికి, కూతురి కాన్పు ఇంకో వారం ఉందనగా, వేళ్ల సందుల్లో దురద మొదలైంది.

మొదట సబ్బు పడలేదనుకుంది. మూడోరోజు కిటికీ దగ్గర వెలుగులో చూసుకుంది. వేళ్ల మధ్య చిన్న చిన్న పొక్కులు, వాటి పక్కన పెన్సిలు గీసినట్టు సన్నటి వంకర గీత. ఆ గీత ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. చర్మం కింద పురుగు తొలుచుకుంటూ పోయిన దారి అది. పని చేసే ఇళ్లలో ఎంతమంది పిల్లల చేతుల మీద చూసిందో, ఎంతమంది తల్లులకి "ఇది గజ్జి, డాక్టరుకి చూపించండి" అని మొహం మీదే చెప్పిందో! ఇప్పుడు నీళ్ల పిన్నికి గజ్జి అని తెలిస్తే ఊళ్లో తలెత్తుకోగలదా?

అప్పుడు నీళ్లు పోస్తున్న నాలుగిళ్లకీ కబురు పంపింది, నడుం పట్టేసిందని. పని మానేసింది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆస్పత్రి నుంచి వచ్చిన కూతురు గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఇదిగో నీ మనవరాలు" అని గుడ్డల మూట చాపితే, పిన్ని రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నడుం నొప్పే. వంగలేను," అంది.

"వంగక్కర్లేదమ్మా. నేనే నీ చేతుల్లో పెడతా."

"వద్దు. మీ నాన్నకివ్వు."

ఆ పిల్ల మొహం చూడాలి! చెంపదెబ్బ తిన్నట్టు అయిపోయింది. తాత అందుకున్నాడు. అప్పట్నుంచి ఆ పాప తాత ఒళ్లోనే పెరిగింది.

పిన్ని దొంగచాటుగా మందుల షాపుకెళ్లి, "మా పక్కింటావిడకి" అని చెప్పి ట్యూబు తెచ్చుకుంది. గజ్జి మందు ఎలా రాయాలో ఊరందరికీ చెప్పిన మనిషి, తన దగ్గరికొచ్చేసరికి వేళ్ల సందుల్లో మాత్రం రాసుకుంది. ఒళ్లంతా రాసుకుంటే వాసనకి ఇంట్లో దొరికిపోతానని భయం. నాలుగు రోజులు తగ్గేది, మళ్లీ లేచేది. మళ్లీ ట్యూబు. పక్కింటావిడ చెడ్డపేరు మోస్తూనే ఉంది, పాపం, ఆవిడకి తెలియను కూడా తెలియదు.

ఇలా నాలుగు నెలలు. కూతురు తనే తంటాలు పడుతూ పాపకి నీళ్లు పోసుకునేది. సబ్బు నురగ కళ్లల్లోకి పోయేది, పాప కెవ్వుమనేది, పిన్ని వంటింట్లో గిన్నె పట్టుకుని పళ్లు కొరుక్కునేది. 'మెడ కింద చెయ్యి పెట్టవే!' అని అరవబోయి నోరు నొక్కుకునేది. ఒకరోజు నీళ్ల బిందె ఎత్తి గట్టు మీద పెడుతూ దొరికిపోయింది.

"బిందె ఎత్తడానికి నడుం నొప్పి లేదు కానీ," అంది కూతురు, "నా పిల్లని ఎత్తడానికే వచ్చిందా? ఊళ్లో ఎవరు కన్న పిల్లలైనా నీకు ముద్దే. నేను కన్నది మాత్రం చేదు. నా పెళ్లి మీద కోపం ఇంకా పోలేదు నీకు. అది నా మీద చూపించుకో అమ్మా, దానిమీదెందుకు?"

పిన్నికి అంతా చెప్పేయాలనిపించింది. చెప్తే ఏమవుతుంది? ముప్పై ఏళ్ల పరువు గంగలో కలుస్తుంది. కూతురు మేడ మీద తలుపేసుకుంటుంది. బిందె అక్కడే వదిలేసి అవతలికి వెళ్లిపోయింది. కూతురు దాన్ని కోపమనే అనుకుంది.

ఈలోగా ఇంట్లో చిత్రాలు మొదలయ్యాయి. గడియారాలాయన చిన్న స్క్రూడ్రైవరు చొక్కా లోపలికి పోనిచ్చి నడుం దగ్గర ఏదో బిగిస్తున్నట్టు తిప్పేవాడు. "ఏమిటయ్యా అది?" అంటే, "ఏదో ఆలోచన," అనేవాడు. అల్లుడు ద్వారబంధానికి వీపు ఆనించి, కింద నుంచి పైకి, పైనుంచి కిందికి ఊగుతూ బస్సు కబుర్లు చెప్పేవాడు. ఆ ద్వారబంధం రంగు సగం ఊడిపోయింది. కూతురు గాజులు చేతికి బిగుతయ్యాయని మాటిమాటికీ మణికట్టు రుద్దుకునేది. పిన్ని ఇవన్నీ చూసింది కానీ పట్టించుకోలేదు. ఎవరి దురద వాళ్లది.

ఒక ఆదివారం పొద్దున అందరూ కింద గదిలో ఉన్నారు. చాప మీద పాప కాళ్లాడిస్తోంది. ఏడుస్తోంది కూడా, వారం రోజులుగా అదే ఏడుపు, నిద్ర లేదు. పిన్ని దూరం నుంచే, మామూలుగా చూసే చూపు చూసింది. పాప అరికాళ్ల మీద పొక్కులు. ఎర్రగా, నీటిచుక్కల్లా.

"అవేమిటి కాళ్లకి?" అంది.

"చెమటకాయలమ్మా. ఎండ కదా," అంది కూతురు.

"అరికాలికి చెమటకాయలా!"

దగ్గరికి వెళ్లి కూర్చుంది. వంగి చూసింది. అదే పొక్కు. అదే గీత. ఆవిడ ముట్టుకోలేదు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నోరు మూసుకుంటే ఆవిణ్ణి అనుమానించే మనిషే లేడు. చెమటకాయలని పౌడరు చల్లుతారు, పాప ఇంకో నెల ఏడుస్తుంది, అంతే.

పిన్ని రెండు చేతులూ చాప మీదికి చాపింది, వేళ్లు విడదీసి.

"గజ్జి," అంది. "నాకు నాలుగు నెలల నుంచీ ఉంది. నడుం నొప్పీ లేదు, నా మొహమూ లేదు. పాపకి అంటకూడదని ఎత్తుకోలేదే తల్లీ. కోపం కాదు. నువ్వలా అంటుంటే చచ్చిపోయాను లోపల. ఎలా అంటిందో తెలీదు కానీ, దానికీ అదే. ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నన్నేమైనా అనుకోండి."

కూతురు ఆ చేతుల వంకా పాప కాళ్ల వంకా మార్చి మార్చి చూసింది.

గడియారాలాయన గొంతు సవరించుకున్నాడు. చొక్కా పైకెత్తాడు. బొడ్డు చుట్టూ తిరునాళ్లలా ఉన్నాయి పొక్కులు. "నేను పెట్రోలు పడలేదనుకున్నానే," అన్నాడు. "గడియారాల చక్రాలు కడగడానికి వాడతాను కదా. నీకు చెప్తే అరుగు మీద పడుకోబెడతావని..."

"మావయ్యగారూ, మీకూనా!" అని అల్లుడు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. చొక్కా విప్పేసి వెనక్కి తిరిగాడు. "టికెట్ల సంచి పట్టీ ఒరుసుకుందనుకున్నానండీ. అత్తయ్యగారు చూస్తే, కండక్టరు కదా, బస్సులోంచి మోసుకొచ్చాడంటారని..."

కూతురు నెమ్మదిగా గాజులు పైకి జరిపి మణికట్టు చూపించింది. "పిల్లని శుభ్రంగా ఉంచడం చేతకాదని తిడతావనుకున్నా," అంది, తల వంచుకుని.

పిన్ని ఒక్కొక్కరి వంకా చూసింది. పక్కలో పడుకున్న మొగుడికి తనే ఇచ్చింది. ఆయన ఒళ్లోంచి పాపకి, పాప నుంచి తల్లికి, తల్లి నుంచి తండ్రికి. ఇంట్లో ఒక్కరు ముందుగా నోరు విప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఎవరూ విప్పలేదు, తనకి భయపడి. తనూ విప్పలేదు.

"నేనంత రాక్షసినా?" అంది.

ముగ్గురూ గబగబా గోళ్లు చూసుకున్నారు. అదే జవాబు.

అప్పుడు ఆవిడకి నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత కడుపులోంచి. గడియారాలాయన కాసేపు అనుమానంగా చూసి, తనూ మొదలెట్టాడు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి నలుగురూ ఒకరి ఎదురుగా ఒకరు, సిగ్గూ శరం వదిలేసి, హాయిగా గోక్కున్నారు.

మర్నాడు అందరూ కలిసి మందుల షాపు మెట్లెక్కేసరికి ఇంకో గుట్టు బయటపడింది. నలుగురూ ఇన్నాళ్లుగా ఒకరికి తెలియకుండా ఒకరు ఆ షాపులోనే, "పక్కింటావిడకి" అనే చెప్పి ట్యూబులు కొంటున్నారు. షాపాయన ఆ పక్కింటావిడ ఎన్నాళ్లో బతకదని నిశ్చయానికి వచ్చేశాడు. ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నాడట.

చర్మం డాక్టరమ్మ భూతద్దంతో అందరినీ చూసి ఒక్కటే చెప్పింది. "విడివిడిగా రాసుకుంటూ మీరు నయం చేసుకోవడం లేదు, వంతులేసుకుని ఒకరికొకరు అంటించుకుంటున్నారు. ఇంట్లో అందరూ ఒకే సాయంత్రం రాయాలి. మెడ నుంచి అరికాళ్ల దాకా, వేలెడు చోటు వదలకుండా. పాపకి నేనిచ్చిన మందే, చెప్పినంతే, తలకి కూడా. పొద్దున కడిగేయండి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండేయండి. వారం తర్వాత ఇంకోసారి రాయండి. తర్వాత కూడా కొన్నాళ్లు దురద ఉంటుంది, అది చచ్చిన పురుగుల గోల, కంగారుపడి మళ్లీ మళ్లీ రాయకండి."

ఆ నాలుగిళ్లకీ కూడా పిన్నే వెళ్లి చెప్పింది, దురద ఉంటే చూపించుకోండని. ఒకింట్లో తలుపు మొహం మీదే వేశారు. ఒకావిడ మాత్రం, "ఇన్నాళ్లూ మా అత్తగారు అలిగి బిడ్డని ఎత్తుకోవడం లేదనుకున్నా, ఆవిడా గోక్కుంటూనే ఉంది పిన్నీ!" అంది. మిగతా రెండిళ్ల వాళ్లు అక్కడికక్కడే చేతులు చూసుకున్నారు.

సాయంత్రం ఆ ఇల్లు చూడాల్సింది. తెల్లటి మందు పూసుకుని, పాత బట్టలు చుట్టుకుని, ఎవరికి వారు కుర్చీల అంచుల మీద కూర్చున్నారు. వీపు అందక అల్లుడికి మావగారు రాశాడు, మావగారికి అల్లుడు రాశాడు. పెళ్లయిన రెండేళ్లలో వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకుంది అదే. పాప చేతులకి మేజోళ్లు తొడిగారు, మందు నోట్లో పెట్టుకోకుండా.

పొద్దున్నే అందరి స్నానాలూ అయ్యాయి. పిన్ని ఒకటికి మూడుసార్లు చేసింది. పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. కూతురు పాపని తీసుకొచ్చి ఆ కాళ్ల మీద పెట్టింది. పక్కనే చెంబు పట్టుకుని కూర్చుంది.

పాప పిన్ని మొహంలోకి చూసింది. ఎవరీవిడ అన్నట్టు చూసింది. పెదవి వంకర పోయింది. అంతే, గుక్కపట్టింది. తాత వైపు రెండు చేతులూ చాపి ఒకటే ఏడుపు. ఆ పిల్లకి ఈ ఇంట్లో తెలియని మనిషి అమ్మమ్మ ఒక్కతే. ఊళ్లో పిల్లలందరికీ తెలిసిన చేతులు దానికి తెలియవు.

పిన్ని చేతులు వెనక్కి తీసుకుంది. "తీసుకోవే," అంది కూతురితో. "నన్ను గుర్తుపట్టడం లేదు. బెదిరిపోతోంది."

కూతురు తీసుకోలేదు. తల్లి చెయ్యి పట్టుకుని పాప మెడ కింద పెట్టింది.

"ఏడవనీ అమ్మా," అంది. "రేపూ ఏడుస్తుంది, ఎల్లుండీ ఏడుస్తుంది. నువ్వు మాత్రం దించకు."

పిన్ని దించలేదు. పాపతోపాటు తనూ ఏడుస్తూ, మోచేత్తో నీళ్ల వేడి చూసుకుంది.