ఎలీహియో నోటి నుంచి వచ్చిన "లేదు"

ఎలీహియో ఫేలిస్ బరాఓనా ఊరి బేస్‌బాల్ జట్టు పెలికనోస్ చొక్కా తొడుక్కుని ఇరవై చలికాలాలు గడిపాడు గానీ, ఒక్క ఆటలోనూ మైదానంలో అడుగు పెట్టలేదు. అతని పనంతా ఎడమవైపు గోడవారన, జాలీ కంచె వెనకాల ఉన్న బుల్‌పెన్‌లో. ఆట మధ్యలో బంతి వేయడానికి దిగబోయే పిచర్లు అక్కడ చెయ్యి వేడి చేసుకుంటారు. వాళ్ళు విసిరే బంతుల్ని గొంతుక్కూర్చుని పట్టడం, తిరిగి వాళ్ళకి విసరడం, అంతే.

ఒకప్పుడు అతనూ ఆటగాడే. చక్కెర మిల్లు జట్టులో, బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌గా ఆడుతుంటే చూసి అమెరికా వాళ్ళు తీసుకెళ్ళారు. రెండో ఏడు ఫ్లోరిడాలో ఆట మధ్య ఒక భారీ మనిషి పరుగున వచ్చి మీద పడేసరికి మోకాటి చిప్ప పగిలింది. విమానం టికెట్టు చేతిలో పెట్టి పంపించేశారు. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా రోజంతా సముద్రం కేసి చూస్తూ కూర్చునేవాడు. అలాంటప్పుడు ఒకనాడు పెలికనోస్ మేనేజరు దోన్ ఎవెలియో వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు.

"కింద కూచుని లేవగలవా?" అని అడిగాడు.

"కూచోగలను. లేవడానికే కొంచెం టైము పడుతుంది."

"లేవడానికి తొందరేం లేదులే. రేపు రా."

అప్పటి నుంచీ జట్టులోకి వచ్చిపోయిన పిచర్లందరి బంతులూ అతని ఎడమ అరచేతికి తెలుసు. మొహాలు మర్చిపోయేవాడేమో గానీ బంతి దెబ్బ మర్చిపోయేవాడు కాదు. చామకూర కాడలా సన్నగా ఉండే విర్హిలియో బంతి రాయిలా వచ్చి పడేది. అన్సెల్మో కువేవాస్ బంతి తడిగుడ్డలా మెత్తగా వాలేది, కానీ ఎటు వాలుతుందో దేవుడిక్కూడా తెలిసేది కాదు. అదే అన్సెల్మో ఒకానొక ఏడాది, ఓ పొద్దున తల్లిని పూడ్చిపెట్టి, చెప్పులకి శ్మశానం మట్టితోనే వచ్చి, సాయంత్రం ఆట గెలిపించాడు. ఊళ్ళో ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుంటారు. ఎలీహియోకి మాత్రం గుర్తున్నది వేరే. ఆ రోజు బుల్‌పెన్‌లో అన్సెల్మో విసిరిన ప్రతి బంతీ చెప్పిన చోటే పడింది. అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

అందరిలోకీ అతను ప్రాణంగా చూసుకున్నది తీనోని. ఫౌస్తినో మాతోస్ అసలు పేరు. ఇద్దరిదీ మిల్లు వెనకాల చెరకు కూలీల లైను ఇళ్ళే. తీనో కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్న జ్ఞానతండ్రి ఎలీహియో. తీనో బంతి గ్లవ్‌లో పడితే తలుపు ధడాలున వేసినట్టుండేది. అమెరికా జట్టు ఒకటి అప్పటికే అతనితో సంతకం చేయించుకుంది, మార్చిలో రమ్మంది. చలికాలం ఎక్కువ ఆడొద్దని కూడా చెప్పింది. తీనో వినలేదు. ఆ ఏడు పెలికనోస్ ఫైనల్‌కి వచ్చింది. ఊరు పుట్టి బుద్ధెరిగాక కప్పు గెలిచింది లేదు.

ఎనభై ఏడు జనవరిలో, ఆదివారం మధ్యాహ్నం, చివరి ఆట. పెలికనోస్, ఎదురుపడ్డ ఉత్తరాది జట్టు చెరో మూడు ఆటలు గెలిచి సమానంగా ఉన్నారు. అంతకు ముందు రెండు రోజులూ చివర్లో దిగి ఆట కాపాడింది తీనోయే. ఆ పొద్దున అతను ఎలీహియో ఇంటికి తిండికొచ్చాడు. ఎలీహియో భార్య మిలాదిస్ ఉడికించి మెదిపిన పచ్చి అరటికాయ, వేయించిన చీజు పెట్టింది. తీనో ఎడమచేత్తో తింటున్నాడు.

"చెయ్యేమైందిరా?" అన్నాడు ఎలీహియో.

"ఏం కాలేదన్నా. రాత్రి దానిమీద పడుకున్నాను."

మిలాదిస్ మొగుడి మొహం చూసింది. అతను తలొంచుకుని తింటున్నాడు.

మూడింటికి స్టేడియంలో చీమ దూరే సందు లేదు. దీపస్తంభాల మీదక్కూడా జనం ఎక్కారు. బుల్‌పెన్ కంచెకి ఆనుకుని ఎప్పుడూ కూర్చునేది నేరెయిదా, బజార్లో చేపలు వేయించి అమ్మే మనిషి. ఆమె నోటికి జడవని ఆటగాడు లేడు.

"ఏమయ్యా అన్సెల్మో, ఇంకా బతికే ఉన్నావా? నీ మనవలు ఆడుతున్నారనుకున్నా" అంది.

బెంచీ మీద కూర్చున్న అన్సెల్మో అప్పటికి ముప్ఫై తొమ్మిదేళ్ళవాడు. "మనవలకి నీ చేపలు పెట్టకు పిన్నీ, వాళ్ళైనా బతకనీ" అన్నాడు.

ఆట సాగుతున్నకొద్దీ ఆమె కూడా మాట్లాడ్డం మానేసింది. ఎనిమిదో ఇన్నింగ్స్ అయ్యేసరికి పెలికనోస్ ఒక్క రన్ను ముందుంది. తొమ్మిదోదైన చివరి ఇన్నింగ్స్‌లో ఉత్తరాది జట్టు వాళ్ళని ముగ్గుర్ని అవుట్ చేస్తే కప్పు బరాఓనాది. బుల్‌పెన్ గోడకున్న ఫోను మోగింది.

"తీనోని లేపు" అన్నాడు దోన్ ఎవెలియో.

తీనో లేచి మట్టిదిబ్బ మీద నిలబడ్డాడు. జనం చూశారు. పేరు పట్టి పిలవడం మొదలైంది. ఎలీహియో కూర్చుని గ్లవ్ తెరిచాడు.

మొదటి బంతి వచ్చింది. మెల్లిగానే, ఒళ్ళు వేడెక్కడానికి వేసింది. దానికేం లేదు. రెండోది కొంచెం గట్టిగా వచ్చింది గానీ దారి తప్పి అతని మోకాలి పక్కగా నేలకి కొట్టుకుంది. మూడోది నడిమధ్యకే వచ్చింది. కానీ ఆ ధడాలున వేసే చప్పుడు లేదు. ఎలీహియో బంతి తిరిగి విసరకుండా లేచి, కుంటుకుంటూ తీనో దగ్గరకెళ్ళాడు.

"వేళ్ళు ముడిచి చూపించు."

"అన్నా, పోయి కూర్చో. జనం చూస్తున్నారు."

"చూపించమంటున్నా."

తీనో చూపించలేదు. చెయ్యి తొడకేసి రుద్దుకున్నాడు. పెదాల మీద చెమట. "మోచెయ్యి కొంచెం పట్టేసింది, అంతే. ముగ్గురే కదన్నా, ముగ్గురు. నీకు దండం పెడతా, ఏం చెప్పకు" అన్నాడు.

"తేడా చేస్తే?"

"చేస్తే చేసింది. అది నా చెయ్యి."

"నీ చేతి మీద పిల్ల ఉందిరా, పెళ్ళాం ఉంది."

"నీతులు తర్వాత చెబుదువుగాని. ఇప్పుడు కూర్చో." గొంతు తగ్గించాడు. "ఇక్కడ పుట్టి, ఇక్కడ వేయకుండా ఎట్లా పోతానన్నా?"

ఫోను మోగింది. మైదానంలో అంపైరు బుల్‌పెన్ వైపు చూస్తున్నాడు. ఎలీహియో ఫోను దాకా నడిచాడు. ఇన్నేళ్ళలో ఆ ఫోనులో ఆ ప్రశ్నకి అతను చెప్పింది ఒకటే మాట, సిద్ధం అని.

"వాడు సిద్ధమేనా?" అన్నాడు దోన్ ఎవెలియో.

ఎలీహియో వెనక్కి చూశాడు. తీనో అతన్నే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు, చెప్పొద్దని.

"లేదు."

"ఏమన్నావ్?"

"లేదు దోన్ ఎవెలియో. వాణ్ణి వేయించకండి."

"చూసే చెబుతున్నావా?"

"చూసే చెబుతున్నాను."

"అన్సెల్మోని పంపు."

తీనో గ్లవ్ తీసి కంచెకేసి కొట్టాడు. అన్సెల్మో టోపీ సవరించుకుని, నాలుగు బంతులు గబగబా వేసి, గేటు తోసుకుని వెళ్ళాడు. గేట్లోంచి వచ్చింది తీనో కాదని జనానికి తెలిసేసరికి కేకలు ఆగిపోయాయి.

"వాడేడీ?" అంది నేరెయిదా. "ఎలీహియో, నిన్నే. వాణ్ణెందుకు ఆపావు?"

అతను కంచె పట్టుకుని నిలబడ్డాడు.

అన్సెల్మో మొదటివాణ్ణి నేలబారు బంతితో అవుట్ చేశాడు. రెండోవాడికి నాలుగు బంతులూ పక్కకే వేసి, బ్యాటు ఆడకుండానే మొదటి బేస్‌కి పంపాడు. మూడోవాడు మూడుసార్లు బ్యాటు గాలికి ఊపి అవుటయ్యాడు. ఇక ఒక్కడు. తర్వాతివాడు బంతిని ముక్కీమూలిగీ లోపలి ఆటగాళ్ళ తలల మీదుగా లేపి బేస్ చేరాడు. ఆ తర్వాతివాడు పొట్టివాడు, ఆ రోజంతా బంతి తాకనివాడు. అన్సెల్మో మెత్తటి బంతి ఒకటి కాస్త ఎత్తున వేశాడు. అది బ్యాటు మీద నుంచి లేవగానే ఎలీహియో కళ్ళు మూసుకున్నాడు. కుడివైపు గోడకి తగిలిన చప్పుడు వినపడింది. బేస్‌ల మీదున్న ఇద్దరూ పరిగెత్తి వచ్చేశారు, ఉత్తరాది జట్టు ఒక్క రన్ను ముందుకెళ్ళింది.

తమ వంతులో పెలికనోస్ చివరి బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి చాలా పైకి లేచింది, చాలా తేలిగ్గా దొరికిపోయింది. కప్పు పోయింది.

ఎలీహియో బయటికి వస్తుంటే ఎవరో సీసా విసిరారు. అది భుజానికి తగిలింది. ఆ సాయంత్రం ఇంటి రేకుల మీద రాళ్ళు పడ్డాయి. మిలాదిస్ వాకిట్లో కుర్చీ వేసుకు కూర్చుంది. "వేసేవాడు ఎదురుగా వచ్చి వెయ్యండి" అంది. ఎవరూ రాలేదు, రాళ్ళూ ఆగాయి. రేడియోలో దోన్ ఎవెలియో పిచర్ని మార్చింది తానేనని, వేరే ఎవరి పేరూ ఎత్తనవసరం లేదని చెప్పాడు. ఊరు నమ్మలేదు. నేరెయిదా మూకుడులో చేపలు సలసల వేగుతుండగానే "అయిపోయాయి" అని ఎలీహియోని పంపించేది.

అసలు కష్టం మార్చిలో వచ్చింది. అమెరికా డాక్టర్లు తీనో మోచెయ్యి చూశారు. వాపు అన్నారు. ఆరు వారాలు విశ్రాంతి చాలన్నారు. మేలో అతను బంతి వేశాడు, గెలిచాడు కూడా. "చూశారా, చెయ్యి శుభ్రంగా ఉంది" అన్నారు ఊళ్ళో. "కుంటివాడికి కడుపుమంట. తను ఆడలేకపోయాడని కుర్రాడి పేరు మింగాడు" అని కూడా అన్నారు. ఆ మాట మాత్రం ఎలీహియోకి గుచ్చుకుంది. తను అలా ఎందుకన్నాడో తనలో తాను వెతుక్కునేవాడు. నిజంగా తీనో చెయ్యేనా తను చూసింది, లేక తన మోకాలా? "ఇంత ఆలోచించేవాడివి, తప్పు చేసి ఉండవులే" అనేది మిలాదిస్. అది అతనికి ఊరట కాలేదు.

తీనో ఏటా చలికాలం ఊరికొచ్చేవాడు. ఎలీహియో గుమ్మం తొక్కేవాడు కాదు. జ్ఞానపుత్రిక పుట్టినరోజుకి ఎలీహియో కొన్న బొమ్మ మిలాదిస్ తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేది.

అయిదో ఏడు ఒక పొద్దున తీనో పిల్లని చెయ్యి పట్టుకుని వచ్చాడు. పిల్లని మిలాదిస్ దగ్గరికి పంపి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఈ ఏడు నేను పెలికనోస్‌కి వేస్తున్నా" అన్నాడు తీనో.

"విన్నా."

"దోన్ ఎవెలియో అడిగాడు, నువ్వు పట్టడం నాకిష్టమేనా అని."

"ఏమన్నావ్?"

"నాకు అలవాటైన చెయ్యి అదేనన్నా."

ఎలీహియో అయిదేళ్ళుగా లోపల కుదిపేస్తున్నదాన్ని ఇక దాచలేక అడిగేశాడు. "ఆ రోజు వేసుంటే, ఏమయ్యేదంటావు?"

తీనో మోచెయ్యి ముడిచాడు, చాచాడు. చెయ్యి పోయేదని చెప్పి అతన్ని ఊరడించొచ్చు. ఏమీ అయ్యేది కాదని చెప్పి పొడవనూ వచ్చు. రెండూ అతనికి చేతకాలేదు.

"నాకూ తెలీదు. వేస్తేగా తెలిసేది" అన్నాడు. "చాలాకాలం నీ మీద కోపం పోలేదు. ఇప్పటికీ కొంచెం ఉంది."

"ఉండనీ."

లోపల్నుంచి కాఫీ వాసన వచ్చింది. ఎలీహియో గోడ పట్టుకుని లేచాడు. తీనో అతని మోచేతి కింద చెయ్యేసి ఆనిచ్చాడు. ఇద్దరూ లోపలికెళ్ళారు.