కిరాయి అన్న ఒక్క మాట

తొమ్మిదేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. మూడక్షరాల మాట. ఇంట్లో చెప్పలేదు. నన్ను ఎరగని మీకు చెప్పడం సులువనుకున్నాను. సులువుగా లేదు.

అప్పుడు నాకు సొంత కారు ఉండేది. శంషాబాద్ విమానాశ్రయం దగ్గరి ఒక హోటల్‌తో నెలవారీ ఒప్పందం. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగానో, ఎంత డీజిల్ పోయించానో తేదీ వేసి రాసుకునేవాణ్ణి. లెక్క తప్పని మనిషినని పేరు. ఆ పేరంటే నాకు గర్వం.

పాల్మాకులలో మా పొరుగింటి సలీం మరొకరి కారును కిరాయికి తీసుకుని నడిపేవాడు. కొత్త బండి కోసం ఫైనాన్స్ కంపెనీకి దరఖాస్తు పెట్టాడు. జీతం చీటీ లేనివాడికి అప్పు పుట్టాలంటే సొంత ఇల్లైనా చూపాలి. ఇల్లుంది, కాగితాలు మాత్రం చనిపోయిన తాత పేరిట ఉన్నాయి. అందుకే ఇరుగుపొరుగును విచారించడానికి కంపెనీ మనిషిని పంపింది. సలీం నమాజుకు వెళ్ళిన వేళ అతను నన్ను పిలిచి, సలీం ఇంటివైపు చెయ్యి చూపాడు. వాకిట్లో కారు నిలిపి ఉంది.

“సొంతమేనా అన్నా, కిరాయా?”

“కిరాయే” అన్నాను.

అతను రాసుకుని వెళ్ళిపోయాడు.

కారు కిరాయిదే కదా? నేను అబద్ధమాడానా? ఈ ప్రశ్న వెనుక ఏళ్ళ తరబడి దాక్కున్నాను. అతను అడిగింది ఇంటి సంగతి అని నాకు తెలుసు, తెలిసే రెండర్థాలున్న మాటను ఎంచుకున్నాను, రేపు ఎవరైనా నిలదీస్తే కారు గురించి అనుకున్నానని తప్పించుకోవచ్చునని ఆ ఒక్క క్షణంలోనే ఆలోచించుకున్నాను. ఎందుకు? కొత్త బండి ఉన్నవాడు దొరికితే నా ఒప్పందం అతనికి మారుస్తానని హోటల్ మేనేజరు నాతో అని ఉన్నాడు. సలీంకు రాబోయేది కొత్త బండి.

కంపెనీ మనిషి వచ్చి పోయిన సంగతి విని కాసేపటికి సలీం వచ్చాడు.

“ఏమడిగిండన్నా? మంచిగ చెప్పినవా, నేను బాకీ ఉన్న చాయ్‌లు యాదికొచ్చినయా?”

“ఏం లేదు తమ్మీ. పేరు, ఊరు గిట్ల అడిగి పోయిండు.”

“గంతేనా? ఇగ బండి వచ్చినట్టే! మొదటి కిరాయి నీదే అన్నా. పైసలు తీస్కోను.”

నవ్వాను. ఆ నవ్వును ఇప్పటికీ క్షమించుకోలేను.

సొంత ఇల్లని తప్పు చెప్పాడంటూ కంపెనీ దరఖాస్తును తిప్పి పంపింది. పెద్ద కంపెనీలు అంతేలే అని నేనే ఓదార్చాను. అతను ప్రైవేటు వ్యాపారి దగ్గర ఎక్కువ వడ్డీకి తెచ్చి పాత బండి కొన్నాడు. వాయిదాలు తప్పాయి. ఇద్దరు మనుషులు వచ్చి బండిని తోలుకుపోతుంటే సలీం వాళ్ళ వెంట రోడ్డు దాకా నడిచాడు. నేను కిటికీలోంచి చూశాను. బయటికి రాలేదు. ఇప్పుడతను షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీ బస్సు నడుపుతున్నాడు.

ఆ హోటల్ ఒప్పందం మరో ఏడాదికి నా చేతిలోంచీ పోయింది. దాన్ని శిక్షగా లెక్కవేసుకోబోయాను. అది కూడా దొంగలెక్కే.

ఎల్లుండి షాద్‌నగర్ వెళ్తున్నాను. బస్సు ఖాళీ అయ్యేదాకా ఆగి చెప్తాను. మాఫీ అడగను. అడిగితే సలీం ‘పోనియ్ అన్నా’ అంటాడు. ఆ మాట అతని చేత అనిపించుకునే హక్కు నాకు లేదు. తిడితే నిలబడి వింటాను. మాట్లాడకుండా వెళ్ళిపోతే వెనుక నుంచి పిలవను. ఇన్నాళ్ళూ తన అప్పును చెడగొట్టింది ఎవరో తెలియకుండా అతను బతికాడు. అది అతనికి తెలియాలి.

మీకు ముందు చెప్పాను. నోరు తిరిగింది.