మిరపకాయల చేత్తో కంప్యూటర్ ముందు

ఎనభైల చివర్లో మా ఊరి హైస్కూలుకి కంప్యూటర్ వచ్చింది. అప్పటికి నేను వయోజన విద్యలో తెలుగు నేర్చుకుని, ఇంగ్లీషు మొదలుపెట్టాను. తప్పు చెబితే తోటి ఆడవాళ్లు పడీపడీ నవ్వేవారు. ఇక మానేద్దామనుకుంటుంటే, ఇంగ్లీషు టీచరుగారు నన్ను కంప్యూటర్ గదికి తీసుకెళ్లారు.

తెర మీద ఇంగ్లీషు వాక్యం, మధ్యలో ఖాళీ. కింద ఇచ్చిన మాటల్లో సరైనదాని అంకె నొక్కాలి. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఏమ్మా, భయమా?"

"భయం కాదండీ. పొద్దుటినుంచి మిరపకాయల తొడిమలు తీశాను. ఈ చేత్తో ముట్టుకుంటే రేపు పిల్లల కళ్లు మండిపోతాయి."

ఆవిడ నవ్వి పెన్సిలు ఇచ్చారు. "దీంతో నొక్కండి. తర్వాత పెన్సిలు మీరే ఉంచుకోండి తల్లీ, నాకొద్దు."

నొక్కాను. తప్పు. నవ్వు వినబడుతుందని బిగుసుకుపోయాను. ఏ నవ్వూ లేదు, అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. ఇంకోటి నొక్కాను. అదీ తప్పే. మళ్లీ అదే ప్రశ్న, అంతే నిదానంగా. మనిషన్నవాడు ఈపాటికి విసుక్కునేవాడు. ఇంత ఓపిక ఆ పెట్టెలో ఎవరు పెట్టారా అని నోరు తెరుచుకుని చూశాను.

ఈసారి ఒప్పయింది. తెర మీద నక్షత్రం బొమ్మ మెరిసింది.

"ఇంక వెళ్దామా?" అన్నారు టీచరుగారు.

"ఉండండి, ఇంకోటి అడగమనండి" అన్నాను.