సారు మీద కట్టిన పిట్టలదొర వేషం

మా తమ్ముడు పనిచేసిన కంప్యూటర్ కంపెనీ సూర్యాపేట బజార్ల ఒక చిన్న దుకాణం మడిగెల మొదలైంది. ముందుగాల పిల్లలకు నేర్పేటోళ్ళు. తర్వాత ఆఫీసులకు కంప్యూటర్లు పెట్టుడు, బాగుచేసుడు మొదలువెట్టి, కోదాడల, మిర్యాలగూడల గూడ బ్రాంచీలు తెరిసిన్రు. దాన్ని పెట్టినాయన్ని మేమందరం సారు అనే అంటుంటిమి. షట్టర్ లేపిన మొదటి పొద్దు నుంచి మా తమ్ముడు ఆయన ఎంబడే ఉన్నడు. సారుకు పిల్లల్లేరు. ఒక ఏడు ఆయనే "ఇగ నేను దిగిపోత, ఎవరికన్న అప్పజెప్త" అన్నడు. ఆ కుర్సీ మా తమ్మునిదే అని చాయ్ హోటల్ల గూడ అనుకునేటోళ్ళు. వాడు నోటితోని ఏమనలేదు గని, కోటు కుట్టిచ్చుకున్నడు.

మా ఆయన ట్రాలీ ఆటో నడిపేది. కంపెనీ డబ్బాలు మూడూర్లకు చేర్చేది ఆయనే. మా మామ కాలం నుంచి ఇంట్ల పిట్టలదొర వేషం ఉన్నది. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి, నోటినిండ కోతలు. ఆ వేషంల ఎవర్నన్న ఎక్కిరియ్యొచ్చు. పటేలు వాకిట్ల నిలవడి పటేలునే ఎక్కిరిస్తే, ఆయన నవ్వి చేటెడు వడ్లు పొయ్యాలె గని కోపానికి రావొద్దు. అది కట్టుబాటు.

కంపెనీ పండుగ మిర్యాలగూడ ఫంక్షన్ హాల్ల పెట్టిన్రు. పెట్టుబడి పెట్టిన పాలుదార్లు వస్తరు, కుర్సీ ఎవరికో ఆన్నే చెప్తరు అన్నరు. ఆఫీసు పిలగాండ్లు వచ్చి మా ఆయన్ని పట్టుకున్నరు. "అన్నా, నువ్వు సారు లెక్క పిట్టలదొర ఎయ్యాలె."

"సారు ఏమన్న అంటడేమో" అన్న నేను.

"సారే ఎయ్యమన్నడక్కా!"

ఇగ మా ఆయన అద్దం ముంగట సారైపోయిండు. మెడ గుంజుడు, చెయ్యి లేపి "విజన్, విజన్" అనుడు, అన్ని దించిండు. "ఏమే, పెద్దోడైనంక సారు టెక్కు జూడు. మొన్న కోదాడల డబ్బాలు దించుతుంటే నా పేరు మల్ల మల్ల అడిగిండు. ఇన్నేండ్ల సంది ఎరికాయె!"

"దొరలకు మన పేర్లు యాదుంటయా" అని నేను గూడ నవ్విన.

పండుగ నాడు ఖాకీ మీద కోటు తొడిగి, టై కట్టి, తుపాకికి బదులు భుజాన కీబోర్డు ఏసుకున్నడు. దాని వైరు తోక లెక్క ఎనుక ఈడ్సవట్టె.

"నేనెవర్ననుకున్నర్రా? సాగర్ నీళ్ళను కంప్యూటర్ల పోసినోణ్ణి! మునగాల దాబాల చాయ్ తాగుకుంట చంద్రుని మీద బ్రాంచి తెరిసినోణ్ణి! మాడుగులపల్లి వడ్లకు పాస్‌వర్డ్ పెట్టిన. అది మర్సిపోయిన, గందుకే మొలుస్తలేవు!"

హాలంత ఇరగబడి నవ్వింది. ముంగటి వరుసల సారు గూడ కడుపువట్టుకొని నవ్విండు. అప్పుడు మా ఆయన, ఎప్పుడు సారు ఎనుక నిలవడే మా తమ్మున్ని చెయ్యివట్టి స్టేజి మీదికి గుంజిండు.

"రారా నా వారసుడా! ఈ కుర్సీ నీదే. ఇంతకు నీ పేరేందిరా?"

వాడు చెప్పిండు.

"ఆ, మంచిది. కుర్సీ నీదే. నీ పేరేందంటివి?"

అందరు నవ్విన్రు. మా తమ్ముడు మాత్రం నవ్వలేదు. మొకం తెల్లవోయింది.

సారు నవ్వుకుంటనే స్టేజెక్కి మైకు తీసుకున్నడు. "ఈ పిల్లవాడు నాకు కుడిభుజం" అని మా తమ్ముని భుజం మీద చెయ్యేసి ఆగిండు. వాని దిక్కు సూసిండు. "బాబూ, నీ పేరు?"

సారు గూడ ఆటల కలిసిండని హాలు ఇంక జోరుగ నవ్వింది. ఆయన మల్ల అడిగిండు. ఈసారి ఆయన మొకంల నవ్వు లేదు. నవ్వేటోళ్ళు ఒక్కొక్కలు ఆగిపోయిన్రు. సారు భార్య లేసివచ్చి ఆయన చెయ్యివట్టుకొని, చిన్న పిల్లగాన్ని దించినట్టు మెట్లు దించుకపోయింది. మా ఆయన కీబోర్డు భుజాన ఏసుకొని అట్లనే నిలవడ్డడు.

తెల్లారి పాలుదార్లు మా తమ్మున్ని కూసుండవెట్టి అడిగిన్రు.

"సారుకు యాదుంటలేదని నీకెప్పటి సంది తెలుసు?"

"ఏడాది సంది."

"మరి మాకెందుకు చెప్పలే?"

"సారు చెప్పొద్దన్నడు."

ఇంత దాసినోన్ని ఎట్ల నమ్మాలె అన్నరు. కుర్సీల బెజవాడ దిక్కు నుంచి ఒకాయన్ని తెచ్చి కూసుండవెట్టిన్రు. మా తమ్మున్ని కోదాడల రిపేర్లు చేసే బల్ల కాడికి పంపిన్రు.

పోయే ముందు పగటీలి మా ఇంటికి బువ్వకొచ్చిండు. మా ఆయన గడప కాన్నే కూసున్నడు, లోపటికి రాలే.

"రా బావా, తిందాం."

"ఏడాది సంది నువ్వు ఎనుక నిలవడి ఆయనకు పేర్లు అందిస్తున్నవారా?"

"పేర్లు, లెక్కలు, ఎవలు సచ్చిపోయిన్రు ఎవలున్నరు, అన్ని."

"నాకొక్క మాట చెప్తే ఆ పేరడిగే ముచ్చట తీసేస్తుంటి గద బామ్మర్ది."

"నీకు చెప్తే అక్కకు చెప్తవు. అక్క వాడకట్టంత చెప్తది" అని నవ్వబోయిండు. నవ్వు రాలే.

నేను ఇంకింత బువ్వ పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టిండు. ఇస్తార్ల సగం అట్లనే ఇడిసిపెట్టి, చెయ్యి కడుక్కొని, కోదాడ బస్సుకు యాళ్ళయితుందని లేసిండు. మా ఆయన గడప మీది నుంచి పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిండు.