అయిదుంబావుకు వచ్చే చప్పుడు

రేడియో పెట్టే ముందు జగన్నాథరావు కళ్లజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. చూపు పని చేస్తుంటే చెవి బద్ధకిస్తుందని ఆయన నమ్మకం.

టెలిగ్రాఫ్ ఆఫీసులో ముప్ఫయ్యేళ్లు చేశాడు. ఆఫీసు పోయింది, చెవి మిగిలింది. చిక్కడపల్లిలో, మేడమీది గదిలో షార్ట్‌వేవ్ తిప్పుతూ, మాటా పాటా లేని చప్పుళ్లు ఎక్కడివో కనిపెడతాడు. కొబ్బరి కోరినట్టు వినిపిస్తే అది ఓడలకు రేడియోలో పంపే వాతావరణ పటం. కనిపెట్టగానే ఆ స్టేషన్‌కు ఉత్తరం రాస్తాడు: ఏ రోజు, ఏ గంటకు, ఎంత స్పష్టంగా విన్నాడో. నిజమేనని వాళ్లు సంతకం పెట్టి కార్డు పంపుతారు. గోడ నిండా అవే.

ఒక్కదానికే కార్డు లేదు. సాయంత్రం అయిదుంబావుకు మొదలయ్యే సన్నని గరగర. ఎనిమిదికి ఆగి, ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ పదిన్నర దాకా. నలభై మూడు రోజులుగా నోట్‌బుక్కులో దాని పేరు దగ్గర ఖాళీ. ఇది తేలకపోతే చెవి కూడా రిటైరయినట్టేనని ఆయన దిగులు.

దూరం నుంచి వచ్చే చప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఇది ఏనాడూ తగ్గలేదు. అంటే దగ్గరిదేనని ఆదివారం సాయంత్రం తట్టగానే, చిన్న ట్రాన్సిస్టరూ నోట్‌బుక్కూ పట్టుకుని సందుల వెంట నడిచాడు. అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ గోడ దగ్గర గరగర హోరెత్తింది.

హాస్టల్ నడిపే రామక్క బయటికి వచ్చింది.

“ఏంది సార్, ఈ వయసుల లేడీస్ హాస్టల్ గోడకు రేడియో ఆనిచ్చి ఏం ఇంటున్నరు?”

“స్టేషన్ దొరికిందమ్మా. మీ ఇంట్లనే ఉన్నది.”

“మా ఇంట్ల పప్పుచారు తప్ప ఏ స్టేషన్ లేదు.”

అంటూనే, ఆయన అడిగినట్టు ఒక్కో గదిలో లైట్లు ఆపించింది. మూడో గదిలో టేబుల్ లైటు ఆరగానే గరగర ఆగింది. ఆ లైటుకు పెట్టిన చవక ఛార్జరు చేసే గోల అది. ఆ గదిలో ఉండే రమ్య మెట్ల మీదికి వచ్చింది. గ్రూప్స్ పరీక్ష రెండుసార్లు తప్పిన పిల్ల.

“సారీ సార్. రేపటిసంది ఈ లైట్ ఉండదు. ఊరికి పోతున్న. ఇన్నొద్దులు చదివిననో లేదో నాకే డౌటొస్తుంది.”

ఆయన నోట్‌బుక్కు తెరిచి ఇచ్చాడు. అయిదుంబావు. అయిదుంబావు. ఒక్క రోజు మాత్రం ఏడు.

“ఆ రోజు జరమొచ్చింది,” అందామె. వేలు అక్కడే ఉంచింది.

“స్టేషన్ మూసేసిన్రేమోనని నేను పరేషానైన బిడ్డా.”

ఇంటికి వచ్చి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. ఎనిమిదీ ఇరవైకి గరగర మొదలైంది. పదిన్నర దాకా విన్నాడు.

మర్నాడు పొద్దున ఒక అట్టముక్క కార్డు సైజుకు కత్తిరించి, ‘రమ్య, అశోక్‌నగర్, నలభై మూడు రోజులు, చాలా స్పష్టం’ అని రాశాడు. కింద ఆమె సంతకానికి చోటు వదిలి, పెన్నుతో సహా రామక్క చేతికిచ్చి, మగవాళ్లు దాటకూడని మొదటి మెట్టు దగ్గర నిలబడ్డాడు.