మీకు గొంతుంది కదండీ

ఆ రోజుల్లో టీచర్ ట్రైనింగ్ అయిన కొత్తలో నాకు తెలియని విషయం లోకంలో ఒక్కటి కూడా ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటేస్తుంది, అంత తెలివి మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నరసాపురానికి దగ్గర్లో, గోదావరి గట్టు పక్క ఊళ్ళో, చర్చివాళ్ళు నడిపే చిన్న బడిలో మూడో తరగతి నాకు అప్పగించినప్పుడు, పిల్లల్ని అదుపులో పెట్టే కిటుకులన్నీ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయన్న ధీమాతో వెళ్ళాను. (నిజానికి అందులో ఉన్నవి టిఫిన్ డబ్బా, గొడుగు.) అంతకుముందు ఆ పిల్లలకి ఒకటో తరగతి నుంచీ పాఠాలు చెప్పిన పెద్ద టీచరు గారు ఒంట్లో బాగోక మానేస్తే, ఆవిడ స్థానంలో నన్ను తాత్కాలికంగా తీసుకున్నారు. “ఆవిడ క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినపడేదమ్మా” అన్నారు హెడ్మాస్టారు మొదటి రోజే. నా క్లాసులో ఏనుగు ఘీంకరించినా వినపడేది కాదు.

గోల అంటే మామూలు గోల కాదు. టీచరు నోరు మూసుకుని కదలకుండా నిలబడితే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే సద్దుమణుగుతారని ట్రైనింగులో చెప్పారు కదా అని, బల్ల పక్కన బొమ్మలా నిలబడ్డాను. పాపం, నాకు కళ్ళు తిరుగుతున్నాయనుకుని ఒకడు మంచినీళ్ళు తెచ్చాడు, ఇద్దరు అట్టలతో విసిరారు, మిగతా అందరూ నా జబ్బేమిటో చర్చించుకున్నారు. సరే, లయగా చప్పట్లు కొడితే పిల్లల దృష్టి మన మీదికి వస్తుందన్నారు కదా అని అదీ చేశాను. ఆ పిల్లలు ప్రతి ఆదివారం చర్చిలో చప్పట్లు కొడుతూ పాడేవాళ్ళు. నా చప్పట్లకి ఒకత్తి కీర్తన ఎత్తుకుంది, క్లాసంతా అందుకుంది. నాలుగు చరణాలూ పూర్తయ్యేదాకా హెడ్మాస్టారు కిటికీ బయట కళ్ళు మూసుకుని భక్తిగా నిలబడి, అయిపోయాక “ఆమేన్” అని, కళ్ళు తెరిచి, “ఇది లెక్కల పీరియడ్ కాదాండీ?” అన్నారు.

ఆ కీర్తన ఎత్తుకున్న పిల్లకి నేను మైకు పాప అని పేరు పెట్టుకున్నాను. ముందు బెంచీలో కూర్చుని వెనక బెంచీవాళ్ళతో కబుర్లు చెప్పేది. హెడ్మాస్టారు మంచివారే గానీ, ఓర్పుకీ హద్దుంటుంది. “క్రిస్మస్ సెలవుల్లోపు క్లాసు దారిలో పడకపోతే, కమిటీవాళ్ళు ఇంకొకరిని చూసుకోమంటారమ్మా. నేనేం చెయ్యలేను” అన్నారు. మా ఇంట్లో అప్పటికి ఉద్యోగమంటూ ఉన్నది నాకొక్కదానికే. ఆ మధ్యాహ్నం క్లాసులోకి వెళ్ళి ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. (మాది గొంతున్న వంశం. గోదావరి దాటించే పంటు పడవ కదిలిపోతుంటే మా అమ్మ రేవులో నిలబడి ఒక్క కేకేస్తే, సరంగు మళ్ళీ ఒడ్డుకి తిప్పేవాడు.) “పెద్ద టీచరు గారి దగ్గర కిక్కురుమనేవాళ్ళు కాదంట! నేనేం పాపం చేశానర్రా మీకు?”

క్లాసు ఒక్క క్షణం ఆగింది. మైకు పాప లేచి నిలబడి, ఇంత చిన్న విషయం ఈవిడకి తెలీదేంటా అన్నట్టు చూసింది. “ఆవిడకి గొంతు లేదండీ. మేం మాట్టాడితే ఆవిడ చెప్పేది ఇనపడదు కదండీ. మీకు బోల్డంత గొంతుంది కదండీ. మేం మాట్టాడినా ఇనపడుద్దండి.” అనేసి కూర్చుని, వెనక్కి తిరిగి ఆగిపోయిన కబురు అందుకుంది.

శనివారం బడి అవగానే పెద్ద టీచరు గారింటికి వెళ్ళాను. వీధి అరుగు మీద కూర్చుని లేసు అల్లుకుంటున్నారు. గొంతులో గడ్డ అని, రెండేళ్ళ నుంచీ గుసగుసే తప్ప మాట రావడం లేదని అప్పుడే తెలిసింది. నా కష్టమంతా ఏకరువు పెట్టాను. ఆవిడ అల్లిక ఆపేశారు. నాకు సలహా చెబుతారనుకున్నాను.

“నిజంగా? గోల చేస్తున్నారా?” అన్నారు. ఆ గుసగుస వినడానికి నేను ముందుకి వంగాల్సి వచ్చింది.

“చెవులు చిల్లులు పడుతున్నాయండీ.”

“మైకు పాప కూడానా?” (గొంతు పోకముందు, ఒకటో తరగతి మొదట్లోనే ఆవిడా అదే పేరు పెట్టారట.)

“అందరికన్నా అదేనండీ.”

ఆవిడ చప్పుడు లేకుండా నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. “నేను వద్దనలేదమ్మాయ్. వాళ్ళే నోళ్ళు కట్టేసుకున్నారు. ఆరేళ్ళ పిల్లలు రెండేళ్ళ పాటు మాటాడకుండా కూర్చున్నారు నాకోసం. వాళ్ళ గోల మళ్ళీ వినకుండానే పోతాననుకున్నాను. ఏదీ, ఇంకోసారి చెప్పు, ఎలా అరుస్తున్నారో!” చెప్పాను. కీర్తన సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. ఇక సలహా అడగకుండానే లేచి వచ్చేశాను.

క్రిస్మస్‌కి నాలుగు వారాల ముందొచ్చే అడ్వెంటు మొదలవకముందే ఆవిడ పోయారు. సమాధుల దొడ్లో ఆ రోజు జోరున వాన. నా గొడుగు కింద పిల్లల్ని పట్టినంతమందిని నిలబెట్టి, నేను తడుస్తూ వాళ్ళతో పాటు ఏడ్చాను. సోమవారం క్లాసుకి వెళ్ళేసరికి నా వంశపు గొంతు పూర్తిగా బొంగురుపోయింది. హాజరు పిలుద్దామని నోరు తెరిస్తే గాలి వచ్చింది తప్ప మాట రాలేదు.

క్లాసు ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు, దానంతట అదే ఆగిపోయింది. మైకు పాప రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు నిజంగానే చీమ చిటుక్కుమంటే వినపడేది. నేను ఇన్నాళ్ళూ దేవుడికి మొక్కుకున్న నిశ్శబ్దం అదే, కానీ నాకు ఊపిరాడలేదు. హెడ్మాస్టారు గుమ్మంలోంచి తొంగి చూసి, మొహం విప్పార్చుకుని, “ఇహ మీ ఉద్యోగానికి ఢోకా లేదమ్మా!” అని మెచ్చుకుని వెళ్ళారు. నేను ముందు బెంచీ దగ్గరికెళ్ళి, “జలుబర్రా, ఉత్త జలుబు. మాట్లాడండి, ఏం కాదు” అని గుసగుసలాడాను.

మైకు పాప చేతులు కాస్త పక్కకి జరిపింది. “పెద్ద టీచరు గారూ మొదట్లో జలుబే అన్నారండీ” అంది, నాకంటే నెమ్మదిగా.

ఆ వారమంతా మిరియాల కషాయం తాగాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను, పిల్లలు తెచ్చిన తులసాకులన్నీ నమిలాను. ఒక పొద్దున్న గొంతు విచ్చుకుంది. పరుగులాంటి నడకతో క్లాసులోకి వెళ్ళి, బిక్కచచ్చి కూర్చున్న పిల్లల ముందు నిలబడి, పిట్ట కూడా కూయని ఆ గదిలో, మా అమ్మ పంటుని ఆపిన కేక ఒకటి వేశాను: “ఏంటర్రా ఆ గోల! నోళ్ళు ముయ్యండి!”

పైకప్పు ఎగిరిపోయింది. బెంచీలెక్కి గంతులేశారు. మైకు పాప ఏడుస్తూనే కీర్తన ఎత్తుకుంది. హెడ్మాస్టారు పరిగెత్తుకొచ్చి, “మళ్ళీ మొదలా అమ్మా?” అన్నారు. (అయినా నా ఉద్యోగం ఊడలేదు. ఆ చప్పట్లకి ఆయన చేతులు కూడా కదలడం నేను చూశాను.)

ఇప్పుడు నేనే పెద్ద టీచర్ని. కొత్తగా వచ్చిన అమ్మాయిలు క్లాసుని ఎలా అదుపులో పెట్టాలండీ అని అడిగితే, నాకిప్పటికీ తెలీదమ్మా అంటాను. నమ్మరు. జ్వరమొచ్చినా బడికి వెళతాను గానీ, గొంతు కాస్త బొంగురుపోయిందంటే మాత్రం సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటాను. “ఈ మాత్రం జలుబుకేనా?” అని ఆ అమ్మాయిలు చాటుగా నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. హ్యాండ్‌బ్యాగులో కిటుకులు మోసుకుంటూ వచ్చిన వాళ్ళని చూస్తే నాకూ నవ్వే వస్తుంది.