సబ్ జైల్లో ప్రాంప్టింగ్

డైరీలో నేను మంచి వక్తను. బయట నలుగురు చేరితే మాత్రం నా చేతులు చున్నీ కొస కోసం వెతుక్కుంటాయి. అందుకే న్యాయ సేవల వాలంటీరుగా చేరినప్పుడు, సబ్ జైల్లో ఖైదీల హక్కుల మీద మాట్లాడమంటే, మాట్లాడను గానీ నాటకం రాసిస్తానన్నాను.

నాటకం చిన్నదే, చూడ్డానికి జడ్జిగారు కూడా వస్తారన్నారు. వార్డరు ఖైదీని కొడతాడు. ఖైదీ జడ్జికి ఫిర్యాదు చేస్తాడు. ఫిర్యాదు చేసినందుకు అతణ్ణి వేధిస్తే అది ఇంకో తప్పని అందరికీ తెలుస్తుంది. రిమాండులో ఉన్న సాలూరు లారీ డ్రైవరొకాయన ఖైదీ వేషానికి ఒప్పుకున్నాడు. జడ్జి వేషం ఇంకో ఖైదీకిచ్చాం. వార్డరు వేషానికి ఆ జైలు వార్డరే ముందుకొచ్చాడు. ఊళ్ళో పౌరాణికాలు ఆడిన మనిషి. "మీసం అద్దెకి తేనక్కర్నేదమ్మా, నాకున్నాది" అన్నాడు.

రిహార్సల్లో నేను చదివి వినిపించిన డైలాగుకి డ్రైవరు తల గోక్కున్నాడు. "ప్రాథమిక హక్కులకు భంగం వాటిల్లుచున్నదా? ఇది నా నోట తిరగదమ్మా. కొట్టినాడని సెబితే సాలదేటి?"

"ఒరే, పాప రాసింది రాసినట్టు సెప్పాల" అని వార్డరు కసిరాడు.

వార్డరు అటు వెళ్ళాక డ్రైవరు గొంతు తగ్గించాడు. "నిజంగా ఎవుడైనా సెబితే, జడ్జమ్మ ఎల్లిపోయినాక ఆడి గతేటమ్మా?"

చదివిందే చెప్పాను. వైద్య పరీక్ష చేయించాలి, కక్ష సాధించకూడదు.

"కూడదని నాకూ తెల్సు. కొట్టినోడికి తెల్సా?" అన్నాడు.

నాటకం రోజు జడ్జిగారు ముందు వరసలో కూర్చున్నారు. నేను దుప్పటి తెర వెనక కాగితాలు పట్టుకుని, మరిచిన డైలాగు అందించే ప్రాంప్టింగుకి కూర్చున్నాను. జైలు మొత్తంలో నాకు నచ్చిన చోటు అదే. వార్డరు విజృంభించాడు. లాఠీ తిప్పాడు, తొడగొట్టాడు, నేను రాయని రాగం కూడా తీశాడు.

"డ్యూటీలో ఇంత కష్టపడడేటి బావా!" అని వెనక నుంచి ఒక ఖైదీ అరిచాడు.

డ్రైవరు వంతు వచ్చింది. జడ్జిగారి వైపు తిరిగి, "మొన్న మందుబిళ్ళ అడిగితే నూతికాడ కొట్టినారండి. ఇది నాటకం కాదండి" అన్నాడు.

వార్డరు అతను డైలాగు మరిచాడనుకున్నాడు. స్టేజీ మీద ఇలాంటివి ఎన్ని చూశాడో! తెర వైపు వంగి, మీసాల చాటున, "అందించు పాపా, అందించు" అన్నాడు.

కాగితంలో తర్వాతి మాట వార్డరుదే. "నోర్మూయ్." అది అందిస్తే ఆ సీను అక్కడితో అయిపోతుంది. నేను రెండు పేజీలు తిప్పేసి జడ్జి పాత్ర మాట అందించాను.

ప్రాంప్టరు ఏమంటే అది పలకడం ఆ నోటికి ఏళ్ళ నాటి అలవాటు. వార్డరు ఛాతీ విరిచి, చివరి వరసకి వినబడేలా గర్జించాడు. "నిన్నెవరు కొట్టారు? భయపడకుండా చెప్పు!"

"నువ్వే" అన్నాడు డ్రైవరు.

జైలంతా నవ్వింది. జడ్జిగారు నవ్వలేదు. అందరినీ అవతలికి పంపి డ్రైవరుతో విడిగా మాట్లాడారు, తర్వాత నూతి దగ్గర చూసినవాళ్ళతోనూ. ఆ రోజే డాక్టరొచ్చి అతని వీపు చూశాడు. విచారణ తేలేదాకా వార్డరు గేటు దాటి లోపలికి రాకూడదన్నారు. డ్రైవరును వేరే జైలుకి మార్చకూడదు. అతణ్ణి ఎవరైనా వేధిస్తున్నారేమో వాలంటీరు వారం వారం వచ్చి కనుక్కుని తనకే చెప్పాలి. ఆ వాలంటీరు నేనేనని అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

మరుసటి వారం గేటు దగ్గర కుర్చీలో వార్డరున్నాడు. "రెండు పేజీలు ఎగరేసినావు కదమ్మా" అన్నాడు. అది కోపం కాదు, మోసపోయిన నటుడి బాధ. నేను తలదించుకుని లోపలికి నడిచాను.

ఊచల అవతల నిలబడ్డ డ్రైవరుని, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను.

"ఏటీ అన్నేదు. మల్లీ వస్తావా?"

"వచ్చే వారం వస్తాను."

"నాకు సెప్తే ఏటి లాభమమ్మా? ఆ గేటుకి ఇనపడాల."

కళ్ళు మూసుకుని అదే మాట అరిచాను. గేటు దగ్గర కుర్చీ కిర్రుమంది.